స్టూవర్టుపురం పేరును వెదకడం: చరిత్ర పరిశోధనలో మాడ్యూళ్లు, పరీక్షలు

ఉపోద్ఘాతం

ముద్రిత గ్రంథాన్ని ఉటంకించేటప్పుడు ఏ కూర్పు, ఏ పుట అని చెప్పడం మన పరిశోధనలో నియమం. డిజిటల్ ప్రతులలో ఒక పదాన్ని వెదికి, దొరికిన ఫలితాలపై వాదన నిలబెట్టేటప్పుడు మాత్రం ఏ వర్ణక్రమాన్ని, ఏ నియమంతో వెదికామో చెప్పే అలవాటు ఇంకా స్థిరపడలేదు. ఆ నియమాలను పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాషలో ఒక మాడ్యూల్‌గా రాసి, దానికి పరీక్షలు జతచేస్తే తరువాతి పరిశోధకుడు వాటిని చదివి ప్రశ్నించగలుగుతాడు. స్టూవర్టుపురం చరిత్రను వెదికేవారికి ఈ అవసరం మరీ ఎక్కువ.

ఊరు, పేరు

బాపట్ల, చీరాల మధ్య ఉన్న ఈ ఊరు నేరస్థ తెగల చట్టం నీడలో పుట్టింది. 1871 నాటి తొలి చట్టం ఉత్తర భారతానికి పరిమితమైనది. 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీ కూడా దాని పరిధిలోకి వచ్చింది. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాలకు ఇక్కడ సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి స్థిరపడింది. పేర్ల నమోదు, వేలిముద్రలు, హాజరు, కదలికలపై ఆంక్షలు ఆ చట్టం తెచ్చిన దినచర్య. సెటిల్‌మెంటు వాసులు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారంలో కూలీలుగా పనిచేశారు. 1952లో చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది. 1970లలో లవణం, హేమలతా లవణం దంపతుల సంస్కరణ కృషి ఇక్కడ సాగింది. 1991లో ఊరి పేరు సినిమా పేర్లలోకి ఎక్కింది. యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన చిత్రం వాటిలో ఒకటి.

అంటే ఒకే పేరు కింద కూలీ చరిత్ర, పోలీసు చరిత్ర, సంస్కరణ చరిత్ర, వెండితెర కల్పన కలగలిసి ఉన్నాయి. వెదుకులాటలో ఏ పాయ జారిపోతే ఆ మేరకు ఊరి చరిత్ర మారిపోతుంది. సినిమా ప్రకటనలను కూడా కలుపుకొని, ‘దొంగ’ అనే మాట ఈ పేరు పక్కన ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, దానినే ప్రజాభిప్రాయంగా చూపడం శాస్త్రీయం కాదు. ఆ పేరు మోస్తూ బతుకుతున్నవారికి న్యాయమూ కాదు.

వర్ణక్రమం చిక్కు

‘స్టూవర్టుపురం’ కంటికి 5 అక్షరాలు. యూనికోడ్‌లో 13 సంకేతాలు. ‘స్టువర్టుపురం’ అని హ్రస్వంతో రాస్తే సంకేతాల సంఖ్య మారదు, కాని కంప్యూటరుకు అది వేరే మాట. ‘స్టూవర్ట్‌పురం’లో ట-పొల్లుకూ ‘పు’కూ మధ్య కంటికి కనబడని విభాజకం ఒకటి చేరి 14 అవుతాయి. యూనికోడ్ ప్రామాణిక సాధారణీకరణ ఈ విభాజకాన్ని తొలగించదు. తొలగించాలని మనమే మాడ్యూల్‌లో రాయాలి. పైగా విభక్తి చేరితే ‘స్టూవర్టుపురానికి’, ‘స్టూవర్టుపురపు’ అని పదాంతం మారుతుంది. కనుక పూర్తి పేరును కాక ‘పుర’ వరకు ఉన్న భాగాన్నే వెదకాలి.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు పత్రికల వెబ్ ప్రతులు సొంత ఫాంట్లలో, అక్షరాల ముక్కలుగా నిల్వ ఉండేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి తెలుగు వికీపీడియా ఆద్యుడు వెన్న నాగార్జున ‘పద్మ’ అనే సాధనాన్ని రూపొందించారు. అది జావాస్క్రిప్టులో రాసిన మొజిల్లా పొడిగింపు. ఫాంటు మారితే అక్షరపట్టిక మారాలి. ఒక్కొక్క ఫాంటు వివరాలను విడిగా ఉంచుకోవలసిన అవసరం, అంటే మాడ్యూల్ అవసరం, తెలుగు కంప్యూటింగులో అప్పుడే తలెత్తింది.

‘ఎరుకల’, ‘ఎరుకలేని’

ఊరి పేరు కంటె జాతి పేరు మరింత చిక్కు. ‘ఎరుకల’ అని వెదికితే ‘ఎరుకలేని’, ‘ఎరుకలో’ అనే తత్త్వపరమైన మాటలూ వచ్చిపడతాయి. పదాంతాన్ని సూచించే గుర్తును జోడిస్తే సరిపోతుందని అనుకోవడం సహజం. అయితే పైథాన్‌లోని ‘రీ’ మాడ్యూల్ గుణింతపు గుర్తులను పదంలో భాగంగా లెక్కించదు. దాని దృష్టిలో ‘ఎరుకలేని’లో ‘ల’ తరువాత, ఏత్వానికి ముందు, పదం ముగిసినట్లే! పెర్ల్ భాషలో ఈ ఇబ్బంది లేదు. అక్కడ గుణింతపు గుర్తులు పదంలో భాగమే. ‘ల’ తరువాత ఏ గుణింతమూ రాకూడదని నిషేధిస్తే ‘ఎరుకలు’ అనే బహువచనం జారిపోతుంది. కొమ్మును అనుమతించి ఏత్వ, ఓత్వాలను నిషేధించాలి.

ఇటువంటి నియమాలు జ్ఞాపకంలో నిలవవు. అందుకే పరీక్షలు కావాలి. పైథాన్‌తో పాటే వచ్చే ‘యూనిట్‌టెస్ట్’ మాడ్యూల్ ఇందుకు చాలు. ‘ఎరుకలవారు’, ‘ఎరుకలు’ దొరకాలి, ‘ఎరుకలేని’ దొరకకూడదు. రేపు ఎవరైనా నియమాన్ని సవరించినప్పుడు పాత పరీక్షలలో ఒకటి విఫలమైతే, ఏది చెడిందో వెంటనే తెలుస్తుంది. దొరకకూడని మాటల పరీక్షలే నా దృష్టిలో ఎక్కువ విలువైనవి. మనం సాధారణంగా రాయనివీ అవే.

ఇక ‘కొరవ’, ‘ఎరుకల’ పేర్లను ఒకే పట్టికలో చేర్చాలా? 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు ఈ రెండింటినీ కలిపి వర్ణించాయి. ఆ కలపడం వలస పాలన చేసిన వర్గీకరణలో భాగం. మనం పరిశీలించవలసిన విషయం. దానిని మన మాడ్యూల్‌లోకి ముందే ఎక్కిస్తే పరిశీలించవలసినదే పరికరమవుతుంది. రెండు పేర్లను రెండు జాబితాలుగా ఉంచి, కలపాలా వద్దా అన్నది ప్రతి వెదుకులాటలోనూ పరిశోధకుడే విడిగా తెలిపేలా రాయడం మేలు.

ఊరి పేరు గాని జాతి పేరు గాని లేకుండా ‘సెటిల్‌మెంటు’ అని మాత్రమే ఉన్న వాక్యాలను ఏ నియమమూ పట్టలేదు. ‘యూనిట్‌టెస్ట్’లో విఫలమవుతుందని ముందే ప్రకటించి రాసే పరీక్షకు చోటుంది. అటువంటి వాక్యాలను ఆ విభాగంలో చేర్చి, మాడ్యూల్‌తో సహా వ్యాసానికి అనుబంధంగా ఇవ్వాలి.