మజిలీలు మార్చుకున్న దారులు

1830 మే 18, మంగళవారం రాత్రి తొమ్మిది గంటలకు ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం తండయారుపేటలోని తన తోట విడిచి కాశీకి బయల్దేరాడు. అప్పటికాయన సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ల పెద్ద. కోర్టువారు సెలవిస్తే తప్ప కదలడానికి లేని ఉద్యోగం. ఆ తోటకు నాలుగైదు కిలోమీటర్ల అవతల తిరువొత్తియూరులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టి, బుల్లెట్ మోటారు సైకిళ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. తెలుగులో దూరప్రయాణం గురించి రాసిన మొదటి గొప్ప పుస్తకమూ, దూరప్రయాణమనగానే నేటి కుర్రకారుకు గుర్తొచ్చే బండీ ఇంత దగ్గర దగ్గరగా బయల్దేరడం కేవలం కాకతాళీయం. అయినా ఆ రెంటినీ కలిపే దారి ఒకటుంది. చెన్నపట్నం నుంచి కోస్తా వెంబడి కలకత్తా దాకా సాగే ఆ దారి ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి. దానికి కాస్త లోపలగా, విజయనగరం నుంచి చీపురుపల్లి వైపు పోయే రైలుమార్గం మీద గరివిడి ఉంది. ఈ కథ చెప్పేది ఆ ఊరి వైపు నుంచే.

వీరాస్వామయ్య వెళ్లేటప్పుడు ఈ వైపు రాలేదు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ఉత్తరానికి సాగాడు. దాదాపు వందమంది పరివారం, పల్లకీలు, డేరాలు, బోయీలు. బయల్దేరింది నడివేసవిలో. నైజాం దాటేలోగానే వానలొచ్చేశాయి. నేల ఎండి ఉన్నప్పటి లెక్క బురదలో చెల్లదు. వాగు పొంగితే ఆగాలి, బోయీలకు జబ్బు చేస్తే ఆగాలి. గంగ చేరాక పల్లకీలు దించి కొంత దూరం పడవల మీద సాగారు. తిరుగు ప్రయాణంలో గయ, కలకత్తా, పూరీ చూసుకుని, 1831లో శ్రీకాకుళం, సింహాచలం ప్రాంతాల మీదుగా దక్షిణానికి దిగారు. ఆ ఏడు సెప్టెంబరు 3న ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటాయి.

దారి పొడుగునా ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూ వచ్చిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. అప్పటికి ఆయన లేడు. 1836లోనే పోయాడు. ఆ పుస్తకం చదువుతుంటే పుణ్యక్షేత్రాల వర్ణన కన్నా మజిలీల లెక్కే ఎక్కువ ఆకట్టుకుంటుంది. ఏ ఊరు ఎన్ని ఆమడల దూరం, అక్కడ మంచినీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి నీడ ఉందా, దారి ఇసకా రాయా అని ప్రతి చోటా రాసిపెట్టాడు. ఈ ఊళ్లో వసతి లేకపోతే పక్క ఊరు ఎంత దూరమో తెలిసినవాడు దారి మధ్యలో మనసు మార్చుకోగలడు. ఆ వివరాల అసలు ప్రయోజనం అదే. తర్వాత వెళ్లేవారికి ఆయన దారి ఒక్కటే కాదు, దారి మార్చుకునే వీలు కూడా ఇచ్చిపోయాడు.

అదే కాలంలో విజయనగరం నుంచి కాశీ వెళ్లిన మరో యాత్రికుడి కథ వేరు. జమీందారు నారాయణ గజపతి 1827లో సంస్థానాన్ని కలెక్టరుకు అప్పగించి కాశీ వెళ్లాడు. 1845లో అక్కడే కన్నుమూశాడు. ఇక్కడ మిగిలినవి అప్పులు. ఆయన కొడుకు విజయరామ గజపతి 1848లో సంస్థానం చేతికి తీసుకున్నాడు. కాశీతో ఆ కుటుంబానికి ఏర్పడిన అనుబంధం తర్వాతి తరాల్లోనూ తెగలేదు. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండుకు తీసుకెళ్లిన ఆ ఇంటి 'విజ్జీ' కాశీలోనే స్థిరపడి, 1965లో అక్కడే పోయాడు.

ఈ ప్రాంతానికి రైలు 1890లలో వచ్చింది. 1893 నుంచి 1896 లోపు బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ లైను ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. ఆ దశకంలోనే గరివిడి చుట్టుపక్కల మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్విన తొలి ప్రాంతం ఇప్పటి విజయనగరం జిల్లాయే. 1950లలో గరివిడి పక్కన శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అంటే అందరూ పిలిచే ఫేకర్, ఫెర్రో మాంగనీసు కర్మాగారం పెట్టింది. కొలిమి ఆరకూడదు కనుక పని షిఫ్టుల్లో నడిచేది. పొలం పని రుతువును బట్టి, ఫ్యాక్టరీ పని సైరనును బట్టి. ఒకే ఇంట్లో ఈ రెండు కాలెండర్లూ ఉన్న కుటుంబానికి ఊరు దాటి నాలుగు రోజులు వెళ్లడమంటే రెండు వైపులా తీరిక కలవాల్సి వచ్చేది.

అయితే ఈ నేల మనుషులు అన్నిటికన్నా దూరం వెళ్లింది రైల్లో కాదు, ఓడలో. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి బర్మాకు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను 'రంగం' అనేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని వరికోతలకో, రైసు మిల్లులకో, రేవు పనికో వెళ్లేవారు. చాలామంది కొన్నాళ్లు చేసి తిరిగొచ్చి, మళ్లీ వెళ్లేవారు. వెళ్లేదీ వచ్చేదీ సముద్రం మీదే. మరో దారి ఉంటుందని ఆలోచించాల్సిన పని కూడా వారికి పడలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌ మీద బాంబులేశాయి. 1942 మార్చి 8న నగరం జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 6న బాంబులు విశాఖపట్నం, కాకినాడల మీదే పడ్డాయి. బయల్దేరే రేవూ చేరే రేవూ రెండూ యుద్ధంలో చిక్కాయి. ఓడ టిక్కెట్టు దొరకని లక్షలమంది భారతీయులు నడక పట్టారు. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగుకు, కొందరు సరిహద్దు ఊరైన తము మీదుగా మణిపూరుకు, ఇంకొందరు హుకాంగ్ లోయగుండా అస్సాంకు. మలేరియా, కలరా, ఆకలి వేలమందిని దారిలోనే తీసుకుపోయాయి. పిల్లల్ని ఎత్తుకుని కొండలు నడిచి ఇల్లు చేరినవారిలో తెలుగు కూలీలు ఎందరో. ఇది యాత్ర కాదు, సాహసం అసలే కాదు. కానీ తెలుగువాళ్ల దూరప్రయాణ చరిత్ర రాసేటప్పుడు మొదటి పుటల్లో ఉండాల్సిన నడక ఇది. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చాక రెండో విడతగా తిరిగొచ్చినవారి ఆనవాలు విశాఖ కంచరపాలెంలోని 'బర్మా క్యాంపు' పేరులో ఇంకా ఉంది.

మోటారు సైకిలు సామాన్యుడి ఇంటికి ఆలస్యంగా వచ్చింది. బుల్లెట్, జావా, రాజ్‌దూత్ ఉన్నా, 1980ల నడుమ జపాను కంపెనీల భాగస్వామ్యంతో నూరు సీసీ బండ్లు దిగాకే పల్లెల్లో బండి మామూలు వస్తువైంది. 2000లలో కోస్తా రహదారి నాలుగు వరసలయ్యాక దాని మీద దూరం పోవాలన్న కోరికా పెరిగింది. అందరి నోటా వినిపించే పేరు లదాఖ్. ఇక్కడి నుంచి దాదాపు మూడు వేల కిలోమీటర్లు. చిక్కేమిటంటే, మనాలి నుంచి లేహ్‌కు మంచు కరిగి దారి బాగా తెరిచి ఉండే జూన్-సెప్టెంబరు నెలల్లోనే ఇక్కడ ఉభాలు, అంటే వరినాట్లు, పడతాయి. నారు తీసి నాటే వేళ ఇంట్లో మగపిల్లవాడు బండెక్కి వెళ్తానంటే ఏ తండ్రీ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే న్యాయం. పంట ఇంటికొచ్చి సంక్రాంతి దాటేసరికి లేహ్ దారి మంచు కింద ఉంటుంది.

దసరా సెలవుల్లో వెళ్దామంటే అక్టోబరు ఈ తీరానికి తుపాన్ల నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఆరేళ్లలో మూడు తుపాన్లు, ఇంచుమించు ఒకే తేదీకి. తిత్లీ రోజున శ్రీకాకుళం జిల్లాలో చెట్లు కూలి రహదారి మీద బండ్లన్నీ నిలిచిపోయాయి. పైగా విజయదశమి వెళ్లిన మొదటి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆనాటికి ఊళ్లో ఉండాలనుకునే ఇళ్లు ఈ జిల్లాలో లెక్కకు మిక్కిలి. అందుకే దసరా ప్రయాణం ఇక్కడ ఎప్పుడూ పొట్టిదే.

జీవితం అడ్డుపడటమే కాదు, ఒక్కోసారి అదే బండి ఎక్కిస్తుంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రెండో వారంలో, నిజామాబాద్ జిల్లాలోని ఒక పంతులమ్మ పోలీసుల అనుమతి పత్రం పట్టుకుని స్కూటీ మీద ఒంటరిగా నెల్లూరు జిల్లాకు వెళ్లింది. అక్కడ చిక్కుకుపోయిన కొడుకును వెనక కూర్చోబెట్టుకుని మూడు రోజుల్లో ఇల్లు చేరింది. పోనూ రానూ 1,400 కిలోమీటర్లు.

అంతకు రెండేళ్ల ముందు, 2018లో, జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాలకు వెళ్లారు. దాదాపు పదిహేడు వేల కిలోమీటర్లు. మయన్మార్ మీదుగా సాగిన యాత్ర అది. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. 2023 మే 3 నుంచి మణిపూరు అల్లర్లలో పడింది. 1942లో కూలీలు ప్రాణాలు దక్కించుకోవడానికి నడిచిన మోరే-తము ద్వారం మళ్లీ మామూలు ప్రయాణికుడికి అందకుండా పోయింది.

తూర్పుకు వెళ్లాలనుకునేవారు ఇప్పుడు సిలిగురి దాటి భూటాన్ వైపో, అరుణాచల్‌లోని తవాంగ్ వైపో చూడాలి. తవాంగ్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. సంక్రాంతి తర్వాతే తీరిక దొరికే గరివిడి కుర్రవాడికి ఇదివరకు అక్కడా మంచే అడ్డం. సేలా కనుమ చలికాలంలో తరచూ మూసుకుపోయేది. 2024 మార్చి 9న సేలా సొరంగం తెరుచుకుంది. కోతలయ్యాక బయల్దేరినా తవాంగ్ చేరడానికి ఇప్పుడు దారుంది.