రాస్ దీవి గవర్నమెంటు హౌస్

అండమాను దీవులనేలిన ఆంగ్లేయ చీఫ్ కమిషనరు నివాసభవనము. డెలానీపూర్, అబర్డీన్ మొదలగు పేటలతో గూడిన పోర్టు బ్లేయరు (నేటి శ్రీ విజయపురము) నగరమునకు తూర్పున, రేవు మొగదలనున్న చిన్న దీవిపై ఇది వెలసినది. సముద్రసర్వేక్షకుడగు డేనియల్ రాస్ పేరు వహించిన ఆ దీవికి 2018లో నేతాజీ సుభాస్ చంద్ర బోస్ ద్వీపమని నామాంతరము కల్గినది.

1858 మార్చి 10వ తేదీన డాక్టరు జేమ్స్ ప్యాటిసన్ వాకర్ సుమారు 200 మంది ఖైదీలతో చాథం దీవియందు దిగి, అచ్చట మంచినీరు చాలకపోవుటచే అనతికాలముననే రాస్ దీవికి మరలెను. అడవి నరికినదియు, నేల చదును చేసినదియు ఖైదీలే. 1872లో, వైస్రాయి లార్డు మేయో హత్య జరిగిన సంవత్సరముననే, సూపరింటెండెంటు పదవి చీఫ్ కమిషనరు పదవిగా హెచ్చింపబడగా, ఈ గృహమునకును తదనుగుణమైన ప్రతిష్ఠ యేర్పడినది.

మదరాసు గవర్నరుకై గోల్డింగ్‌హామ్ నిర్మించిన విందుశాల, నేటి రాజాజీ హాలు, గ్రీకు దేవాలయచ్ఛాయతో, బృహత్స్తంభములతో, సున్నపు ధావళ్యముతో ప్రజలను విస్మయపరుపనెంచినది. ఇచ్చటనో ఏటికి మూడువేల మిల్లీమీటర్లకు సమీపించు వర్షపాతము, ఉప్పుగాలి, భూకంపభయము; కావున వాలుకప్పులు, త్రికోణాకారపు కప్పుముఖములు, విశాలమైన వరండాలు, కలప పని యీ గృహమునకు లక్షణములైనవి. అధికారదర్పమును చాటినది శిల్పముకన్న స్థలమే: తన ఖైదీలలో అధికులనుండి పాలకుని సముద్రమే వేరుచేసినది. అబర్డీన్ మెట్టపై 1906 నాటికి పూర్తియైన సెల్యులర్ జైలునుండి రాస్ దీవి స్పష్టముగా కానవచ్చును. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువారును ఆ జైలున బంధితులైరి. ఉక్క భరింపలేని దొరలకు ఎదుటి తీరమున హారియెట్ కొండపై వేసవి విడిదియు ఉండెను. ఇంతటి చిన్న పాలనకు రెండు మందిరములు మిక్కిలియే యనవలెను.

1941 జూన్ 26 నాటి భూకంపము దీవిని దెబ్బతీసినది. మరుసటి మార్చిలో జపానీయులాక్రమించిరి. 1943 డిసెంబరులో అండమానుకు వచ్చిన సుభాస్ చంద్ర బోసుకు ఈ భవనమే విడిదియైనది. 1945లో ఆంగ్లేయులు మరలవచ్చియు రాస్ దీవిని రాజధానిగా పునరుద్ధరింపలేదు. 1979లో దీవి భారత నౌకాదళము వశమైనది. మఱ్ఱిజాతి వేళ్లు పెనవైచుకొన్న మొండిగోడలే నేడక్కడ మిగిలినవి. 1982 మొదలు ఈ దీవులను పాలించు లెఫ్టినెంటు గవర్నరు నివాసము నగరమునందే కలదు.