కాటలీనా నీటివిమానాలు: మిగిలినవి, మిగలనివి

1942లో సింగపూర్ జపాన్ వశం కావడంతో ఆస్ట్రేలియా, బ్రిటన్‌ల మధ్య విమానమార్గం తెగిపోయింది. దానిని తిరిగి కలిపినవి అయిదు కాటలీనాలు. 1943 నుండి 1945 వరకు క్వాంటాస్ సంస్థ వాటిని పెర్త్ నుండి సింహళంలోని కొగ్గల సరస్సుకు నడిపింది. ఇంధనభారం వల్ల ప్రయాణికులు ముగ్గురికి మించరు. రేడియో మౌనం పాటిస్తూ, నక్షత్రాలను బట్టి దిశ నిర్ణయించుకుంటూ సాగిన ఆ ప్రయాణం 27 గంటలకు పైమాటే. దారిలో సూర్యోదయాలు రెండు. యుద్ధం ముగిశాక, అమెరికాతో ఉన్న లెండ్-లీజ్ ఒప్పందాన్ని అనుసరించి ఈ విమానాలను సముద్రంలో ముంచివేశారు.

నేడు న్యూ సౌత్ వేల్స్‌లోని హిస్టారికల్ ఎయిర్‌క్రాఫ్ట్ రిస్టోరేషన్ సొసైటీ స్వచ్ఛంద కార్యకర్తలు ఎగరగల స్థితికి తెచ్చిన కాటలీనా ఆ అయిదింటిలోనిది కాదు. అది చక్రాలు గల ఉభయచర రకం. అడవి మంటలను ఆర్పే పనిలో చాలాకాలం ఉపయోగపడింది. క్వాంటాస్ నడిపిన వాటికి చక్రాలు లేవు, నీరే వాటి రన్‌వే. కాబట్టి ఏది మిగిలిందన్నది యుద్ధకాలపు ప్రాముఖ్యాన్ని బట్టి కాక, శాంతికాలపు ఉపయోగాన్ని బట్టి తేలిందని నా అభిప్రాయం. ఇది అభిమానుల శ్రమను తగ్గించే మాట కాదు. ఉప్పునీరు అల్యూమినియంను తినివేస్తుంది. సముద్రంలో ఒక్కసారి దిగినా విమానాన్ని మంచినీటితో కడగవలసిందే.