వికీ టేబుల్ ఎందుకు పక్కకి పోతుంది? వెనకున్న కథ



నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసు వికీలో ఒక టేబుల్‌ని కుడి పక్కకి జరపమన్నారు. జరపబోయి చివర్న ఉండే |} గుర్తు చెరిపేశా. అంతే, కింద ఉన్న పేజీ మొత్తం టేబుల్‌లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు ఎడిట్ బటన్ జోలికే పోలేదు. తప్పంతా నాదే అనుకున్నా. కానీ ఆ చిక్కు దాదాపు నా వయసుదే అని తర్వాత తెలిసింది.

1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ పెట్టారు. హెచ్‌టీఎంఎల్ రాయకుండా ఎవరైనా పేజీ మార్చగలగాలి, అదీ ఆలోచన. మామూలు పేరాలకి అది బాగానే కుదిరింది. టేబుల్ మాత్రం లొంగలేదు. ఎందుకంటే దానికి అడ్డం, నిలువు రెండూ కావాలి. అందుకే 2001లో వికీపీడియా మొదలైనప్పుడు కూడా టేబుల్ కావాలంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు రాయాల్సిందే.

అప్పుడు జర్మనీకి చెందిన మాగ్నస్ మాన్స్కే ఒక దారి చూపించారు. {| అంటే టేబుల్ మొదలు, |- అంటే కొత్త వరస, | అంటే కొత్త గడి, |} అంటే ముగింపు. చాలా హాయి కదా! కానీ ఒకటి గమనించండి. గుర్తులు మారింది గడులకే. టేబుల్ ఎటు జరగాలి, చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి అన్నది పాత హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండిపోయింది.

ఆ హెచ్‌టీఎంఎల్ కూడా మారుతోంది. రూపం సంగతి చూసుకోవడానికి 1996లో సీఎస్ఎస్ వచ్చింది. టేబుల్‌ని 'ఎలైన్' అనే మాటతో జరపొద్దని 1997లోనే హెచ్‌టీఎంఎల్ 4 చెప్పింది. 2014లో హెచ్‌టీఎంఎల్ 5 దాన్ని పూర్తిగా పక్కన పెట్టింది. పాత పేజీల్లో మాత్రం అది ఇంకా కనిపిస్తుంది, బ్రౌజర్లు కూడా ఒప్పుకుంటాయి. అందుకే ఒకే పేజీలో రెండు కాలాల కోడ్ కలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు మార్జిన్ సంగతి. 'వికీటేబుల్' అనే క్లాస్ పైన, కింద ఖాళీ ఇస్తుంది. పక్కలకి సున్నా! టేబుల్‌ని కుడికి ఫ్లోట్ చేస్తే అక్షరాలు దాని ఎడమ అంచుకి అంటుకుపోయేది అందుకే. స్టైల్‌లో ఎడమ మార్జిన్ 1 ఈఎమ్ ఇస్తే సరిపోతుంది. నాలుగు అంకెలూ ఒకేసారి రాస్తే గడియారం ముల్లు తిరిగినట్టు పైన, కుడి, కింద, ఎడమ. ఈ వరస తప్పితే ఖాళీ వేరే పక్క వస్తుంది.

2013లో గుర్తులు కనపడని విజువల్ ఎడిటర్ వచ్చింది. మొదట్లో దానికి టేబుల్‌లో వరస చేర్చడమే రాదు. తర్వాత నేర్చుకుంది, కానీ మార్జిన్ కోసం ఇప్పటికీ సోర్స్‌లోకి వెళ్ళాల్సిందే. 2003లో మొదలైన మన తెలుగు వికీపీడియాలో ఫోన్ నుంచి టేబుల్ సరిచేసి చూడండి. ఆ నిలువు గీత కోసం కీబోర్డ్ ఎన్నిసార్లు మార్చాలో తెలుస్తుంది.

ఎవరైనా రాయొచ్చు అన్న మాట ఇలాంటి చిన్న గీత దగ్గరే ఆగిపోతుంది. నాలాగే ఎంతమంది భయపడి వెనక్కి వెళ్ళిపోయారో! కానీ వికీలో పాత కూర్పులన్నీ 'చరిత్ర'లో భద్రంగా ఉంటాయి. నేను చెరిపేసిన |} కూడా అక్కడే ఉంది. ఒక్క క్లిక్‌తో వెనక్కి వచ్చేది, నాకే తెలియలేదు. మీరు మాత్రం భయపడకండి, ఎడిట్ నొక్కండి.