కొత్త డ్రోన్ కొన్నారా? సికింద్రాబాద్‌లో ఎగరేసే ముందు ఇవి చూసుకోండి

అరచేతిలో ఇమిడే కెమెరా డ్రోన్ కొన్నారు. ఛార్జింగ్ పెట్టారు. మేడ మీదికెళ్లి పైకి లేపి, కాలనీ మొత్తాన్ని ఓ వీడియో తీయాలనిపిస్తుంది. మీ మేడ మారేడుపల్లిలోనో, తిరుమలగిరిలోనో, బొల్లారంలోనో ఉంటే మాత్రం కాస్త ఆగండి. '250 గ్రాముల లోపు డ్రోన్‌కు అనుమతులేమీ అక్కర్లేదు' అన్న మాట సగమే నిజం.

బరువు తక్కువైతే ఏంటి లాభం?

2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు ఉన్నవి 'నానో'. ఆపైన 2 కిలోల వరకు 'మైక్రో'. నానోకు పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా అవసరం లేదు. సొంత సరదాకైతే మైక్రోకూ సర్టిఫికెట్ అక్కర్లేదు, బీమా మాత్రం తప్పనిసరి. పెళ్లిళ్ల వీడియోల వంటి వాటికి డబ్బు తీసుకుని మైక్రో ఎగరేస్తే సర్టిఫికెట్ ఉండాల్సిందే. దానికి పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుండాలి. డ్రోన్‌ను రిజిస్టర్ చేసి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. నిబంధనల్లో దీని రుసుము రూ.100.

మరి చిక్కు ఎక్కడ?

మినహాయింపు డ్రోన్‌కే, ఆకాశానికి కాదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో గగనతలాన్ని మూడు రంగులుగా విభజించారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎల్లో జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు గ్రీన్ జోన్ ఉండదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే గ్రీన్.

ఇప్పుడు సికింద్రాబాద్‌ను చూడండి. ఒకవైపు బేగంపేట విమానాశ్రయం. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలినా అది మూతపడలేదు. ఉత్తరాన హకీంపేట వైమానిక స్థావరం. మధ్యలో కంటోన్మెంట్, సైనిక స్థలాలు. బొల్లారంలో రాష్ట్రపతి నిలయం. అందుకే ఇక్కడ 'మా మేడే కదా' అనుకోవడం కుదరదు.

వీఐపీల పర్యటనలప్పుడు ఏదైనా ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. పోలీసులు విడిగా నిషేధాజ్ఞలూ ఇస్తుంటారు. కాబట్టి నిన్న చూసిన మ్యాప్‌ను నమ్ముకోకుండా ఎగరేసే రోజే మళ్లీ చూడండి. నిబంధనలు ఉల్లంఘిస్తే రూ.లక్ష వరకు జరిమానా పడొచ్చు.

తొలిసారి ఎక్కడ తడబడతారు?

ఊరి బయట, గ్రీన్ జోన్‌లో, స్థలం యజమానిని అడిగి ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి. డ్రోన్ ముఖం మీవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్లు చెట్లకు, గోడలకు గుద్దేది ఎక్కువగా అప్పుడే. మొదటి రోజు దాని వెనక భాగమే మీకు కనిపించేలా నడపండి.

జీపీఎస్ అందాక, బయలుదేరిన చోటును 'హోమ్ పాయింట్'గా నమోదు చేసుకున్నట్టు యాప్‌లో కనిపించాకే పైకి లేపండి. సిగ్నల్ తెగితే తిరిగొచ్చే ఎత్తు చుట్టూ ఉన్న చెట్లు, కరెంటు తీగల కంటే పైన ఉండేలా పెట్టుకోండి. అది అనుమతించిన ఎత్తు మాత్రం దాటకూడదు. ఎదురుగాలిలో వెనక్కి రావడానికి ఛార్జింగ్ ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే సగం అయిపోకముందే వెనక్కి తిప్పండి. గద్దలు దగ్గరికొస్తే దించేయండి. సంక్రాంతి రోజుల్లో పతంగుల మాంజా రెక్కలకు చుట్టుకుంటే డ్రోన్ నేరుగా కింద ఉన్నవాళ్ల మీదే పడొచ్చు.

పక్కింటి కిటికీ కనబడితే?

కెమెరా తిప్పేయండి. మహిళలను వారి ఏకాంతంలో చాటుగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. డ్రోన్‌తో తీసినా అంతే.

కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది. విదేశాల నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకోవాలనుకుంటే కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు. దుకాణంలో కొనేటప్పుడు బిల్లుతో పాటు, ఆ మోడల్‌కు యూఐఎన్ వస్తుందా అన్నదీ అడగండి. రాదంటే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోవడం మేలు.