శిక్షణలో కోటా, ఉద్యోగంలో సున్నా

ప్రైవేటు ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీలకు కేంద్ర చట్టమేదీ రిజర్వేషన్ ఇవ్వలేదు. అప్రెంటిస్ శిక్షణలో మాత్రం ఇచ్చింది. ఐటీఐ విద్యార్థుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

1961 అప్రెంటిస్ చట్టం సెక్షన్ 3ఎ ప్రకారం, నిర్దేశిత ట్రేడ్లలో ప్రతి యజమానీ ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్లు కేటాయించాలి. ప్రైవేటు ఫ్యాక్టరీ అయినా తప్పదు. రాష్ట్రంలో వారి జనాభాను బట్టి ఆ సంఖ్య ఉంటుంది. 2019 నిబంధనల సవరణ తర్వాత 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి.

చిక్కంతా శిక్షణ ముగిశాకే. సెక్షన్ 18 దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడే కాడు. సెక్షన్ 22కు 2014లో చేసిన సవరణ, శిక్షణ పూర్తిచేసిన వారి నియామక విధానాన్ని యజమానికే వదిలేసింది. అందులో ఎస్సీ, ఎస్టీల వాటా ఊసే లేదు. నైపుణ్యం లేదని వీరిని పంపేస్తే, మరి నేర్పింది ఎవరు?

మార్చాల్సింది సెక్షన్ 22నే. 3ఎ సీట్లలో శిక్షణ పొంది జాతీయ సర్టిఫికెట్ సాధించిన వారికి ఆ సంస్థ ఖాళీల్లోనూ అదే నిష్పత్తిలో వాటా ఇవ్వాలి. ఈలోగా 3ఎ సీట్లు ఎన్ని నిండాయో ప్రభుత్వ రంగ సంస్థలను సమాచార హక్కు కింద అడగవచ్చు. ప్రైవేటు ఫ్యాక్టరీల లెక్క కోసం రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ సలహాదారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి.