జీపు ముందు ఇరుసుకు వెల్డింగ్: విరిగేది ఎక్కడ?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది జీపు గురించి. ఇంజన్ గురించి కాదు, పెద్ద టైర్ల గురించి కాదు. వీడియోల్లో ఎవరూ చూపించని, బండి కింద పడుకుంటే తప్ప కనిపించని ముందు ఇరుసు గురించి. ఆఫ్‌రోడింగ్ చేసేవాళ్లు ఆ ఇరుసు మీద ఇనుప పట్టీలు పెట్టి వెల్డింగ్ చేయిస్తారు. ఎందుకు చేయిస్తారు? చేయిస్తే నిజంగా బలం వస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే మనం 180 ఏళ్లకు పైగా వెనక్కి పోవాలి.

మన అడిక్‌మెట్ నుంచే మొదలుపెడదాం. అడిక్‌మెట్ బ్రిడ్జి కింద నుంచి సికింద్రాబాద్–కాచిగూడ రైలు లైను పోతుంది. ఒక పక్క ఉస్మానియా క్యాంపస్, అందులో 1929లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ. తార్నాక దాటి కొంచెం ముందుకు పోతే లాలాగూడ రైల్వే వర్క్‌షాప్. నిజాం కాలంలో, 1893లో పెట్టారు దాన్ని. రైలు పెట్టెలు, వాటి చక్రాలు, ఇరుసులు బాగుచేసే పని ఈ చుట్టుపక్కల అంత పాతది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఎడ్లబండి ఇరుసు తిరగదు, బరువు మాత్రం మోస్తుంది. రైలు ఇరుసు చక్రాలతో కలిసి తిరుగుతుంది, బరువూ మోస్తుంది. జీపు ముందు ఇరుసులో ఈ రెండు పనులనూ విడదీశారు. బయట కనిపించే గొట్టం తిరగదు, బరువు మోస్తుంది. ఆ గొట్టం లోపల షాఫ్టు ఉంటుంది, చక్రాన్ని తిప్పేది అది. వెల్డింగ్ చేసేది బయటి గొట్టానికి. షాఫ్టుకు కాదు.

ఇరుసు ఎందుకు విరుగుతుందన్న ప్రశ్న రైళ్ల దగ్గర పుట్టింది. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయి నుంచి పారిస్‌కు వస్తున్న రైలులో ఇంజన్ ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మంటలు అంటుకున్నాయి, 50 మందికి పైగా చనిపోయారు. ఇరుసు మీద ఆ రోజు కొత్తగా ఎక్కువ బరువేమీ పడలేదు. మరి ఎందుకు విరిగింది? ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఏళ్ల తరబడి ఇరుసులను మెషీన్ల మీద పరీక్షించాడు. ఆయన తేల్చింది ఇదీ: ఒక్కసారిగా విరగడానికి కావాల్సిన బరువు కంటే చాలా తక్కువ బరువైనా సరే, లక్షల సార్లు పడితే ఇనుము అలసిపోతుంది. సన్నని పగులు మొదలవుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది, ఒకరోజు పుటుక్కున తెగుతుంది. దీన్నే ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు. జీపు ఇరుసుకు వెల్డింగ్ చేసేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట ఇదే.

ఇప్పుడు జీపు దగ్గరికి వద్దాం. 1940 జూలైలో అమెరికా సైన్యం కార్ల కంపెనీలకు ఒక కబురు పంపింది. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలి, మొదటి నమూనా 49 రోజుల్లో ఇవ్వాలి, బరువు 1300 పౌండ్లు, అంటే దాదాపు 590 కిలోలు దాటకూడదు. ఆ బరువులో అలాంటి బండి అసాధ్యమని తర్వాత వాళ్లే ఒప్పుకుని పరిమితి పెంచారు. అయితే ఆ తొందరలో ఇరుసు కొత్తగా తయారు చేసే టైమ్ ఎవరికీ లేదు. బాంటమ్ కంపెనీ కోసం డిజైన్ గీసిన కార్ల్ ప్రోబ్‌స్ట్, స్పైసర్ అనే ఇరుసుల కంపెనీ దగ్గరికి వెళ్లాడు. స్టూడిబేకర్ ఛాంపియన్ అనే మామూలు ప్యాసింజర్ కారు ఇరుసును మార్చి ఇస్తామన్నారు. సెప్టెంబర్ 23న నమూనా సైన్యానికి చేరింది.

అంటే కొండలు, గుంతలు ఎక్కాల్సిన బండికి, తారు రోడ్డు మీద పోయే కారు ఇరుసు వారసత్వంగా వచ్చింది. అది తప్పు అనలేం. సైన్యానికి కావాల్సింది తేలికైన బండి, యుద్ధం అయ్యేదాకా నిలిస్తే చాలు. విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి, అవి ప్రపంచమంతా తిరిగాయి.

యుద్ధం అయిపోయింది, జీపు మాత్రం ఉండిపోయింది. 1945లో లూధియానాలో స్టీల్ వ్యాపారంగా మొదలైన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీ 1947 నుంచి బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అక్కడి నుంచి జీపు మన భాషలో ఒక మాట అయిపోయింది. పోలీసు జీపు, ఫారెస్టు జీపు, ఎలక్షన్ జీపు, ఊరి జనమంతా వేలాడుతూ పోయే సర్వీసు జీపు. తర్వాత బరువైన డీజిల్ ఇంజన్లు వచ్చాయి. యుద్ధకాలంలో నలుగురి కోసం గీసిన బండి వంశంలో పుట్టిన బండి మీద మనవాళ్లు పద్నాలుగు మందిని ఎక్కించారు.

సరే, ఆ ఇరుసు ఎలా వంగుతుంది? బండి బరువు కమాను పట్టీల దగ్గర కిందికి నొక్కుతుంది. నేల చివర్లలో ఉన్న చక్రాలను పైకి తోస్తుంది. దాంతో గొట్టం రెండు చివర్లూ పైకి లేస్తాయి, నవ్వుతున్న మూతి ఆకారంలో. చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది. పెద్ద టైర్లు వేసి హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ బండల మీదికి ఎక్కిస్తే, పైనుంచి దబ్బున దించితే, ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. పైగా జీపులో డిఫరెన్షియల్ గుండు మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. కాబట్టి ఒక గొట్టం పొట్టి, ఇంకోటి పొడుగు. పొడుగుదానికి వంగే గుణం ఎక్కువ.

దీనికి విరుగుడు ట్రస్. గొట్టం మీద, పొడవునా, నిలువుగా ఒక ఇనుప పలకను వెల్డ్ చేస్తారు. ఎందుకు నిలువుగా? మీ చేతిలో ప్లాస్టిక్ స్కేలు ఉంటే పడుకోబెట్టి వంచండి, సులువుగా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచండి, వంగదు. అదే ప్లాస్టిక్, అంతే బరువు. లోతు రెండింతలైతే బిగువు ఎనిమిదింతలు అవుతుంది. రైలు వంతెనల దూలాలు అంత ఎత్తుగా ఉండేది అందుకే. ఇంకో చోట కూడా బలం ఇస్తారు. గొట్టం చివర నకిల్‌ను పట్టుకునే భాగానికి త్రికోణం ముక్కలు, గసెట్లు, అతికిస్తారు. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగేది అక్కడే.

అయితే అసలు చిక్కు వెల్డింగ్‌లోనే ఉంది. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. గొట్టం పైభాగంలో ఒకే బిగిన పొడుగ్గా వెల్డ్ లాగితే పైభాగం కుంచించుకుపోయి చివర్లు పైకి లేస్తాయి. అంటే ఏ వంకర రాకూడదని వెల్డింగ్ మొదలుపెట్టామో, ఆ వంకర బండి షెడ్డు దాటకముందే వచ్చేస్తుంది! అందుకే తెలిసిన మేస్త్రీ ఇరుసును మందపాటి దూలానికి బిగిస్తాడు. అంగుళం ఇటు, అంగుళం అటు వేస్తాడు, మధ్యలో చల్లారనిస్తాడు. తొందరపడి నీళ్లు పోయడు. మధ్యలో ఉండే గుండు పోత ఇనుముది. దానికి ముందుగా వేడి పెట్టి, సరైన రాడ్డు వాడకపోతే వెల్డ్ పక్కనే గాజులా పెళుసైపోతుంది.

పెళుసు అంటే ఎంత ప్రమాదమో చెప్పే కథ కూడా అదే యుద్ధంలో ఉంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ రేవులో, కదలని నీళ్లలో, ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో దాదాపు రెండుగా చీలింది. తొందరగా కట్టాలని అప్పట్లో ఓడల పలకలను రివెట్లకు బదులు వెల్డింగ్‌తో కలిపేవాళ్లు. రివెట్లు కొట్టిన ఓడలో పగులు సాధారణంగా ఒక పలక అంచున ఆగుతుంది. వెల్డ్ చేసిన ఓడ అంతా ఒకే ముక్క, పగులు ఆగే చోటు లేదు. చల్లటి వాతావరణంలో ఆ రకం స్టీలు పెళుసవుతుందని కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త పరిశోధించి చూపించింది. పగుళ్లు ఎక్కువగా చదరపు మూలల దగ్గర మొదలవుతున్నాయని కూడా గమనించారు. జీపు ట్రస్‌కైనా ఇదే సూత్రం. పలకను టక్కున కోసి వదిలేస్తే ఆ మూలే పగులుకు పుట్టిల్లు. వాలుగా సన్నబడుతూ ముగిసేలా కోయాలి.

ఇప్పుడు అసలు విషయం చెబుతా. వెల్డింగ్ బలహీనతను తీసేయదు, పక్కకు జరుపుతుంది. గొట్టం బిగుసుకుంటే దెబ్బ నకిల్ మీద పడుతుంది. నకిల్‌ను బలపరిస్తే షాఫ్టు మీదో, స్టీరింగ్ రాడ్డు మీదో పడుతుంది. గొట్టం వంగితే టైరు అరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది, మీకు తెలుస్తుంది. స్టీరింగ్ దగ్గర తెగితే తెలిసేలోపు అంతా అయిపోతుంది. కాబట్టి "ఎంత బలంగా చేయాలి" అని కాదు, "విరిగితే ఎక్కడ విరగాలి" అని అడగాలి. చవకగా మార్చగలిగేది, ప్రాణం తీయనిది ముందు పోవాలి.

ఇంకో రెండు మాటలు. 2020 థార్‌కు ముందు ఒకే గొట్టం ఇరుసు లేదు, చక్రాలు విడివిడిగా కదులుతాయి. దానికి ఈ ట్రస్ లెక్క వర్తించదు. పాత జీపులు, 1985లో వచ్చిన జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ, వీటికి గొట్టం ఇరుసు ఉంది. ఇక చట్టం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరుసుకు చెయ్యి పెట్టే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

వెల్డింగ్ అయ్యాక కూడా పని అయిపోదు. ట్రిప్పు నుంచి వచ్చిన ప్రతిసారీ బురద కడిగి, టార్చి వేసి ప్రతి వెల్డ్ అంచూ చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా బండి ఆపేయండి. వోలర్ చెప్పినట్టు ఇనుము అలిసిపోతుంది, కానీ చాలాసార్లు ముందే ఒక గీత గీసి చెబుతుంది. చూసేవాళ్లు ఉండాలి, అంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.